కిడ్నీ దానం చేసినవారికి కోత దగ్గర తిమ్మిరి, నరాల నొప్పి: ఏం చేయాలి? ఏం చేయకూడదు?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల అవగాహన కోసం

రామతీర్థం నుంచి ఒక అమ్మ తన కొడుక్కి కిడ్నీ ఇచ్చిందనుకుందాం. ఆపరేషన్ బాగా జరిగింది, ఇద్దరూ ఇంటికొచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "బాబుకెలా ఉందమ్మా?" అనే అడుగుతారు. అమ్మకేమో కోత చుట్టూ చెయ్యి వేస్తే స్పర్శ తెలియడం లేదు. రాత్రయితే డొక్క నుంచి తొడ దాకా మంట. చెబితే కొడుకు బాధపడతాడని చెప్పదు. మందుల షాపు నుంచి నొప్పి బిళ్ల తెప్పించుకుని వేసుకుంటుంది.

ఈ పాఠం ఆ అమ్మలాంటి వారందరి కోసం. తిమ్మిరి వల్ల సాధారణంగా ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఎవరినీ అడక్కుండా వేసుకునే ఆ బిళ్లతోనే.

తిమ్మిరి ఎందుకు వస్తుంది?

డొక్క, పొత్తికడుపు, గజ్జ, తొడ పైభాగం చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాలు చివరి పక్కటెముక కింద నుంచి ముందుకు సాగుతాయి. పక్కన పెద్ద కోత పెట్టి చేసే ఆపరేషన్‌లో ఇవి తెగవచ్చు, సాగవచ్చు, నలగవచ్చు. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ పద్ధతి కిడ్నీ దాతలకు 1995లో అమెరికాలో మొదలైంది. ఇందులో నొప్పి తక్కువ, త్వరగా కోలుకుంటారు. అయినా కిడ్నీని బయటకు తీయడానికి చాలావరకు పొత్తికడుపు దగ్గర ఒక కోత పెడతారు. అక్కడా నరాలుంటాయి. ఆపరేషన్ జరిగేటప్పుడు గంటల తరబడి ఒక పక్కకు పడుకోబెట్టడం వల్ల కూడా తొడ తిమ్మిరెక్కవచ్చు. మగ దాతల్లో కొందరికి ఆపరేషన్ జరిగిన వైపు వృషణంలో నొప్పి వస్తుంది. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

తిమ్మిరి వచ్చిందంటే మిగిలిన కిడ్నీ పాడైందని కాదు. కిడ్నీ పనితీరు తెలిసేది రక్త, మూత్ర పరీక్షల్లోనే.

ఇది నరాల నొప్పేనా?

గాయం నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. నరాల నొప్పి తీరు వేరు:
• సూదులు గుచ్చినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుంది.
• చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి తగిలినా భగ్గుమంటుంది.
• ఒకే చోట మొద్దుబారినట్టూ ఉంటుంది, మంటగానూ ఉంటుంది.

ఎప్పటికి తగ్గుతుంది?

నలిగిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. అందుకే వారాలు కాదు, నెలలు పడుతుంది. చాలామందికి క్రమంగా తగ్గుతుంది. కొందరికి మచ్చ పక్కన కొంచెం మొద్దుబారిన చోటు ఎప్పటికీ ఉండిపోవచ్చు. దానివల్ల హాని లేదు. నొప్పి 3 నెలలు దాటినా, నిద్ర పట్టనివ్వకపోయినా వైద్యం అవసరం.

బిళ్లల విషయంలో జాగ్రత్త

• డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. ఒకే కిడ్నీ ఉన్నవారు సొంతంగా వేసుకోకూడదు. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్లూ వద్దు.
• పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చు. కానీ కొన్ని బిళ్లల్లో పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది. స్ట్రిప్ మీద పేరు చదివించుకోండి.
• నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులున్నాయి. మొదటి రెండూ కిడ్నీ ద్వారానే బయటకు పోతాయి కాబట్టి మోతాదు డాక్టరే నిర్ణయించాలి. అవసరమైతే నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తారు.
• మందుల షాపులోనైనా, పంటి డాక్టరు దగ్గరైనా ముందు చెప్పాల్సిన మాట: "నాకు ఒకటే కిడ్నీ ఉంది."

ఇంట్లో పాటించవలసినవి

• మొద్దుబారిన చోట కాపడం పెట్టవద్దు. వేడి తెలియక చర్మం కాలిపోతుంది.
• గాయం పూర్తిగా మానాక మెత్తని గుడ్డతో, వేళ్లతో ఆ చోటును రోజూ నెమ్మదిగా రాస్తే చర్మం స్పర్శకు మళ్లీ అలవాటు పడుతుంది.
• మొదటి 6 వారాలు నీళ్ల బిందెలు, ధాన్యం బస్తాలు, గ్యాస్ బండలు ఎత్తవద్దు. పొలం పనికి, జూట్ మిల్లు పనికి వెళ్లేముందు డాక్టరును అడగండి.
• రోజూ కాసేపు చదును నేల మీద నడవండి. రామతీర్థం కొండ మెట్లెక్కడం డాక్టరు సరేనన్నాకే. స్వామి ఎక్కడికీ పోడు, వచ్చే నవమికి ఎక్కవచ్చు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

జ్వరం, కోత ఎర్రబడి చీము కారడం, ఒక కాలు వాచి నొప్పెట్టడం, ఆయాసం, కాలు బలహీనపడటం, మూత్రం బాగా తగ్గడం లేదా ఆపుకోలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. డొక్కలో ఉబ్బు కనిపిస్తే ఒకసారి చూపించుకోండి. నరం దెబ్బతిని కండరం వదులైందా, లేక హెర్నియానా అన్నది డాక్టరే తేల్చాలి.

పథకం ద్వారా ఏం చేయాలి?

1. డిశ్చార్జి కాగితం, పరీక్షల రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు ఒకే కవరులో ఉంచుకోండి. దాత కాగితాలు వేరుగా, రోగి కాగితాలు వేరుగా పెట్టుకోండి.
2. ముందుగా ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికే వెళ్లండి. వైద్యమిత్ర కౌంటరులో "నేను కిడ్నీ దాతను" అని చెప్పి, ఏ సేవ ఉచితమో అడిగి తెలుసుకోండి.
3. సందేహముంటే 104కి ఫోన్ చేయండి.
4. దూరం వెళ్లలేనివారు విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ఉద్దానం వైపు వారికి పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది.
5. నొప్పి లేకపోయినా ఏడాదికోసారి బీపీ, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోండి.

ప్రపంచంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో జరిగింది. కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ హెరిక్ ఆ తర్వాత 56 ఏళ్లు బతికారు. ఒక్క కిడ్నీతో నిండు జీవితం గడపవచ్చు, దాన్ని కాపాడుకోవాలి అంతే.

కుటుంబ సభ్యులకు ఒక మాట: కిడ్నీ తీసుకున్నవారి మందుల వేళ గుర్తుపెట్టుకున్నట్టే, ఇచ్చినవారిని కూడా రోజుకొకసారి "నీకెలా ఉంది?" అని అడగండి.