మితానిన్: పేటకొక నెచ్చెలి

ఛత్తీస్‌గఢీ భాషలోని ‘మితానిన్’ అనే మాటను తెలుగులో ‘నెచ్చెలి’ అంటే అర్థం కొంతవరకే అందుతుంది. అక్కడ ఇద్దరు స్త్రీలు పెద్దల సమక్షంలో చిన్న వేడుక జరుపుకొని, జీవితాంతము స్నేహం పాటించగలమని మాట ఇచ్చిపుచ్చుకొంటారు. కులభేదము దీనికి అడ్డు కాదు. ఆ పిమ్మట రెండు కుటుంబాలకూ చుట్టరికం కలుస్తుంది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం తన గ్రామీణ ఆరోగ్య కార్యకర్తకు ఈ పేరునే ఎన్నుకొన్నది. అనువాదకులను చిక్కులో పెట్టే మాటే గాని, పథకంలోని ఊహ అంతా దానిలోనే ఇమిడి ఉన్నది.

మన భద్రాచలం అడవులకు ఆవల ఉన్న బస్తరు ప్రాంతంలో ఊరు అంటే ఒకచోట గుమిగూడిన ఇండ్లు కావు. దూరదూరంగా విడిపోయిన పేటలు. వీటిని ‘పారా’ అంటారు. ఉపకేంద్రంలోని నర్సు ఒక్కతే ఎన్నో ఊళ్ళు తిరుగవలసి ఉంటుంది. కనుక 2002లో పథకం ప్రారంభించినప్పుడు ఊరికొకరు చాలదని, పేటకొక మితానిన్ ఉండవలెనని నిశ్చయించారు. ఆమెను ఎన్నుకొనేది ఆ పేటవారే. చదువు రాకపోవడం అనర్హత కాలేదు. చదువు లేని అనేకులు బొమ్మల సాయంతో శిక్షణ పొందారు.

ఈ ఏర్పాటు ప్రయోజనం చిన్న విషయాలలోనే తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. ఇనుము మాత్రలు ఇచ్చినంత మాత్రాన గర్భిణి వాటిని మింగుతుందని చెప్పలేము. వికారం పుడుతుందని ఒకరు, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమౌతుందని మరొకరు వాటిని మూలన పెడతారు. ఈ భయం డాక్టరు ఎదుట బయటపడదు. పొయ్యి దగ్గర కూర్చున్న పొరుగింటి ఆమెతో మాటల మధ్యలో బయటపడుతుంది. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టడం, ముర్రుపాలు పారబోయకుండా చూడడం, పసికందుకు వెంటనే స్నానం చేయించక పొత్తిళ్ళలో వెచ్చగా ఉంచడం కూడా ఇటువంటివే. అత్తగారిని ఒప్పించనిదే ఇవేవీ సాగవు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ‘ఆశా’ కార్యకర్తల నియామకాన్ని ప్రారంభించింది. ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌లే ఆశాలైనారు. 2011 నుండి వీరు బాలింతల ఇండ్లకు 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్ళవలసి ఉన్నది. ఇంటివద్దనే కాన్పు జరిగితే మొదటిరోజున కూడా.

ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. మొదట మితానిన్‌కు జీతం లేదు. ఆశాకు చేసిన పనినిబట్టి ప్రోత్సాహకం లభిస్తుంది. కాన్పుకు ఆసుపత్రికి తోడు వెళితే లెక్కలోకి వస్తుంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి అండగా నిలబడితేనో, రేషను బియ్యం అందని ఇంటి తరఫున అడిగితేనో ఏ పద్దులోనూ చేరదు. మితానిన్‌లు ఈ పనులు కూడా చేశారు. డబ్బు స్నేహాన్ని చెరుపుతుందనే వాదం వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆ మాట అనేవారు నెలజీతం తీసుకొనేవారే! 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను పురస్కారంతో గౌరవించింది. తమకు స్థిరమైన వేతనం కావలెనని వారు అనేక రాష్ట్రాలలో కోరుతూ వచ్చారు.

మితానిన్ ఇంట ఒక మందుల పెట్టె ఉంటుంది. జ్వరానికి, విరేచనాలకు అవసరమైన సామాన్యమైన మందులు అందులో ఉంటాయి. అవి నిండుకొని, పైనుంచి సరఫరా రాకపోతే పేటవారు జిల్లా అధికారిని అడుగలేరు. రాత్రివేళ ఆమె తలుపే తడతారు.