మొత్తం మార్కు చెప్పని సంగతి

పల్నాడులో నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి చదివేవారు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష వ్రాస్తుంటారు. పేదరికం వల్ల పిల్లల చదువు ఎనిమిదితో ఆగిపోరాదని కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ పథకాన్ని ప్రారంభించింది. ఎంపికైన వారికి తొమ్మిదవ తరగతి నుంచి నాలుగేళ్లపాటు ఏటా 12,000 రూపాయల ఉపకార వేతనం లభిస్తుంది.

ప్రశ్నలు 180. ఆలోచనాశక్తిని కొలిచే ‘మ్యాట్’కు 90, పాఠాలకు సంబంధించిన ‘శాట్’కు 90. శాట్‌లో సామాన్యశాస్త్రం 35, సాంఘికశాస్త్రం 35, గణితం 20.

చురుకైన ఒక బాలికకు నమూనా పరీక్షలో 117 మార్కులు వచ్చాయనుకుందాం. అంటే 65 శాతం. “ఫరవాలేదు” అంటారు ఇంట్లోవారు. కాని విడదీసి చూడండి: మ్యాట్ 68, సామాన్యశాస్త్రం 25, సాంఘికం 12, గణితం 12. సాంఘికంలోనూ గణితంలోనూ వచ్చినవి పన్నెండేసి మార్కులే. రెండూ సమానమేనా? కావు. శాతాల్లోకి మారిస్తే మ్యాట్ 76, సామాన్యశాస్త్రం 71, గణితం 60, సాంఘికం 34.

అయితే ఆమె గణితంలో వెనుకబడిందా? తొందరపడకండి. ఒక నాణెం 20 సార్లు ఎగరవేయండి. ప్రతిసారీ సరిగ్గా 10 బొమ్మలే పడవు. 8 పడవచ్చు, 12 పడవచ్చు. అలాగే 20 ప్రశ్నల భాగంలో రెండు మార్కులు అటూ ఇటూ కావడం సహజం. రెండు మార్కులంటే 10 శాతం! కనుక గణితం సంగతి మరి రెండు మూడు పరీక్షలు చూసిగాని తేల్చరాదు.

సాంఘికం సంగతి వేరు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి. కళ్లు మూసుకుని గుర్తించినా 35లో సుమారు 9 ఒప్పవుతాయి. ఆమెకు వచ్చినవి 12. అంటే తెలిసి వ్రాసినవి కొద్దే. మ్యాట్‌లో 68 తెచ్చుకున్న పిల్లకు తెలివి కొరత కాదు, పాఠం చదవలేదన్నమాట.

మరి ఏం చేయాలి? పరీక్ష వ్రాసేటప్పుడే ఊహించి గుర్తించిన ప్రశ్న పక్కన చుక్క పెట్టుకోండి. తరువాత తప్పులను మూడు కుప్పలు చేయండి: పాఠం తెలియనివి, తెలిసీ ప్రశ్న సరిగా చదవనివి, సమయం చాలనివి. మొదటి కుప్పకు పాఠ్యపుస్తకం, రెండవదానికి నిదానం, మూడవదానికి గడియారం పెట్టుకుని చేసే అభ్యాసం మందు. చుక్క పెట్టినవి ఒప్పయినా మళ్లీ చదవాలి. అది అదృష్టం ఇచ్చిన మార్కు.

పదిహేను రోజుల తరువాత మరో ప్రశ్నపత్రం తీసుకోండి. పాతదే మళ్లీ వ్రాస్తే పెరిగేది జ్ఞాపకం, జ్ఞానం కాదు. ఆ బాలిక సాంఘికంలో 12 నుంచి 22కు చేరితే మొత్తం 127 అవుతుంది. ఇప్పటికే 68 ఉన్న మ్యాట్‌లో మరో పది సంపాదించడం ఇంతకంటె కష్టం. మీ జవాబు పత్రం తీసి, మీ పది మార్కులు ఏ భాగంలో దాగి ఉన్నాయో లెక్కకట్టండి.