అమెరికన్ సాహిత్య పాఠం, సినిమా స్క్రిప్టు: కొన్ని అనుభవాలు

మన కాలేజీలో నేను ఎం.ఏ. చదివే రోజుల్లో అమెరికన్ సాహిత్యం ఒక పేపరు. అదే సాహిత్యాన్ని ఇప్పుడు అమెరికాలోనే ఒక హైస్కూల్లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు చెబుతున్నాను. దానితోపాటు స్క్రిప్టు వ్రాయడం, చిన్న సినిమాలు తీయడం నేర్పే పని కూడా నా నెత్తినే పడింది. ఇంగ్లీషు మేష్టారికి ఈ సినిమా గోలేమిటని సోదర అధ్యాపకులకు తోచవచ్చు. అక్కడా కొందరికి తోచింది. సినిమా చూపిస్తే పిల్లలు పుస్తకం ముట్టరని వారి భయం. ఆ భయం ఒట్టిది కాదు. పరీక్ష ముందురాత్రి నవలకు బదులు సినిమా చూచి వచ్చే ఘనులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అందుకే ఒక వరుస పెట్టుకున్నాను: ముందు కథ, తరువాత పిల్లలు వ్రాసే స్క్రిప్టు, ఆ తరువాతే ఇతరులు తీసిన సినిమా. ఈ వరుస తప్పితే పాఠమంతా దండగ.

స్క్రిప్టులో ప్రతి సీనుకూ పైన అది ఇంటి లోపలో బయటో, ఏ చోటో, పగలో రాత్రో వ్రాస్తారు. దాని క్రింద కంటికి కనబడేది, చెవికి వినబడేది మాత్రమే, అదీ వర్తమానకాలంలో వ్రాయాలి. ఒక పేజీకి సుమారు ఒక నిమిషం సినిమా అని లెక్క. “అతడు పశ్చాత్తాపపడుతున్నాడు” అని ఎవరైనా వ్రాస్తే కొట్టివేస్తాను. పశ్చాత్తాపాన్ని కెమేరా ఎక్కడ పెట్టి తీస్తావోయ్ అంటాను. వెనుకనుంచి వ్యాఖ్యానం వినిపించడం కూడా మొదటి స్క్రిప్టులో నిషేధం. అది ఉంటే కథనంతా అందులో కుమ్మరించి చేతులు దులుపుకుంటారు.

ఈ పనికి నాకు బాగా అక్కరకు వచ్చింది ఆంబ్రోస్ బియర్స్ 1890లో ప్రచురించిన ‘యాన్ అకరెన్స్ ఎట్ ఔల్ క్రీక్ బ్రిడ్జ్’ కథ. 1861-65 అంతర్యుద్ధం నాటి సంగతి. ఉత్తర అలబామాలో ఒక రైలు వంతెన మీద పేటన్ ఫార్కర్ అనే దక్షిణాది భూస్వామిని ఉత్తరాది సైనికులు ఉరితీస్తుంటారు. తాడు తెగి ఏట్లో పడతాడు, తూటాలు తప్పించుకుంటాడు, ఇల్లు చేరతాడు, భార్య ఎదురువస్తుంది. తీరా చివర చూస్తే తాడు తెగనేలేదు. అదంతా ప్రాణం పోయే క్షణంలో మనసు అల్లుకున్నది.

అసలు కీలకం కథ మధ్యభాగంలో ఉంది. ఒక సాయంత్రం ఫార్కర్ దంపతులు తమ ఆవరణ వాకిట బెంచీమీద కూర్చుని ఉండగా, దక్షిణాది దుస్తుల్లో ఒక సైనికుడు వచ్చి మంచినీళ్ళు అడుగుతాడు. వాడు నిజానికి ఉత్తరాది వేగులవాడు. ఫార్కర్‌కు బానిసలున్నారని బియర్స్ అక్కడ ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాడు. దొరసాని తన తెల్లని చేతులతో స్వయంగా నీళ్ళు తేవడానికి మహా సంబరపడిందంటాడు. బియర్స్ ఆ యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడినవాడని తెలిస్తే ఈ మాటలోని పోటు తగులుతుంది.

పిల్లలు మామూలుగా ఈ భాగాన్ని దాటిపోతారు. వాళ్ళ ధ్యాసంతా వంతెన మీదే. ఒక ఏడు ఒక నల్లజాతి అమ్మాయి ఈ సీను వ్రాస్తూ ఆగిపోయింది. ఇక్కడ కెమేరా పెడితే ఇంకా ఎవరు కనబడతారు? రోజూ నీళ్ళు తెచ్చే మనిషి ఆ సాయంత్రం ఎక్కడుంది? అని అడిగింది. కథలో ఆ మనిషి లేదు. కాగితం మీదైతే చెప్పకుండా ఊరుకోవచ్చు. ఫ్రేములో ఆ చోటు ఖాళీగా వదిలినా అది ఒక నిర్ణయమే.

దాంతో క్లాసు మూడు జట్లయింది. ఒక జట్టు దొరసాని చేతికి కూజా అందించే నల్లజాతి స్త్రీని చూపించింది. ఇంకో జట్టు మనుషులనే చూపక, కూజా పట్టుకున్న తెల్లని చేతుల్ని దగ్గరగా తీస్తామంది. ఆ అమ్మాయి జట్టు మాత్రం బెంచీ దగ్గర ముగ్గురినే ఉంచి, వెనుక పొలంలో పనిచేసేవాళ్ళ చప్పుడు సీను పొడుగునా వినిపించింది. నాకు మూడోదే నచ్చింది, ఆ మాట చెప్పాను కూడా. రెండో జట్టువారు ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని లేదు కదా!

అప్పుడు రాబేర్ ఎన్రికో అనే ఫ్రెంచి దర్శకుడు 1962లో ఈ కథను తీసిన చిన్న సినిమా చూపించాను. కాన్ ఉత్సవంలోనూ ఆస్కార్‌లోనూ బహుమతులు పొందినది, 1964లో అమెరికా టెలివిజన్‌లో ‘ట్వైలైట్ జోన్’ కింద ప్రసారమైనది. మాటలు బహు తక్కువ. చాలా గొప్పగా తీశాడు, సందేహం లేదు. కాని మధ్యభాగాన్ని వదిలేశాడు. బానిసల ఊసు పోయింది, వేగులవాడూ పోయాడు. మిగిలింది చావబోయే ఒక మనిషి. ఇతనికోసం ఏడిపించే ముందు ఇతనెవరో మాకు చెప్పొద్దా అని ఆ అమ్మాయి కోపం. చచ్చేటప్పుడు ఎవడైనా ఒకటేనని ఒక కుర్రాడి వాదం. ఇద్దరూ కథలోని మాటలు వెతికి చూపించుకుంటూ పోట్లాడుకున్నారు. పుస్తకం ముట్టరని భయపడిన మిత్రులకు నేను చెప్పే జవాబు అదొక్కటే.

తరువాతి పాఠం స్టయిన్‌బెక్ 1939 నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’. జాన్ ఫోర్డ్ 1940లో తీసిన సినిమాలో సీన్ల వరుసే మారిపోయింది. నవలలో జోడ్ కుటుంబం ముందు ప్రభుత్వ శిబిరంలో కాస్త మర్యాదగా బతికి, తరువాత పళ్ళతోటలో సమ్మె, చావు చూస్తుంది. సినిమాలో తోట ముందు, శిబిరం తరువాత. సంఘటనలు అవే, కాని నవల మనిషిని కిందికి దింపుకుపోతుంది, సినిమా పైకి తీసుకొస్తుంది. పిల్లలచేత సీన్లను అట్టముక్కల మీద వ్రాయించి, బల్లమీద అటూ ఇటూ జరిపిస్తాను. దీనికి రెండు పీరియడ్లు చాలవు, మూడు కావాలి. అదీ అందరూ నవల పూర్తిగా చదివి వస్తేనే సుమా!