‘మెజరబుల్’ అను విశేషణము

ఆంగ్లమున ‘మెజరబుల్’ అను విశేషణమును మన విద్యార్థులు ‘మెజర్డ్’ అను పదమునకు బదులుగా వ్రాయుట మేము తరచు చూచుచున్నాము. ఈ రెంటికిని భేదము కలదు. కొలువబడినది ‘మెజర్డ్’, ఇంకను కొలువకపోయినను, కొలుచుటకు శక్యమైనది ‘మెజరబుల్’. తుదనున్న ‘ఏబుల్’ అను ప్రత్యయమే యీ శక్యత్వమును తెలుపుచున్నది.

నార్సింగి చెంతనున్న మూసీనది యిందుకు దృష్టాంతము. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది పొంగి హైదరాబాదును ముంచెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి, వరదల నరికట్టుటకు 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మాణము పూర్తిచేసికొనెను. ఉస్మాన్‌సాగరము నిండుమట్టము సముద్రమట్టమునకు పైని 1790 అడుగులు. ఆ నీటిమట్టము ఎవరును చూడని రాత్రియందును ‘మెజరబుల్’ అయియే యుండును. కావలివాడు కొలబద్దను చూచి అంకె చెప్పినప్పుడే అది ‘మెజర్డ్’ అగును. ఆ అంకె తెలిసినగాని, గేట్లెత్తుటకు మునుపే నార్సింగి–మంచిరేవుల దారిని మూసి జనులను కాపాడుట సాధ్యము కాదు. కొలువదగినదానిని వేళకు కొలువకుండుట ప్రమాదమని దీనివలన గ్రహింపవలెను.

‘మెజరబుల్’ ముందు ‘ఇమ్’ చేరిన ‘ఇమ్మెజరబుల్’ అగును. సంస్కృతమున ‘మేయము, అమేయము’ అనుట యిట్టిదే. ఆ వరదలో అఫ్జల్‌గంజి చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని చెప్పుదురు. ఆ చెట్టు ఎత్తు మేయము. బ్రతికినవారి కృతజ్ఞత అమేయము.

విద్యార్థులారా! మీ యింటనున్న మూడు వస్తువులను కొలిచి, ఈ మూడు పదములతో వాక్యములు వ్రాయుడు.