త్రియేక దేవుడు, యేసు నామ బాప్తిస్మం: ఒక తల్లి సందేహాలు

సమస్య

గుంటూరు జిల్లాకు చెందిన లూథరన్ కుటుంబంలోని ఒక తల్లి తన చిన్న కుమారుని విషయమై సలహా కోరుతూ ఉత్తరం రాశారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆ యువకుడు అక్కడ యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇచ్చే ఒక సహవాసంలో చేరి, పసితనంలో పొందిన బాప్తిస్మం చెల్లదంటూ మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి యేసు ఒక్కడికే ఉన్న మూడు బిరుదులని, త్రిత్వాన్ని నమ్మే తల్లిదండ్రులకు రక్షణ లేదని వాదిస్తున్నాడు. సెలవులకు వచ్చినా ఊరి మందిరంలో ప్రభురాత్రి భోజనం తీసుకోవడం లేదు. త్వరలో జరగబోయే చెల్లెలి పెళ్ళిలో పాస్టరు గారు త్రియేక నామంలో ఆశీర్వదించేటప్పుడు తాను అక్కడ నిలబడనని చెప్పేశాడు. తల్లిని మరింత కలవరపెడుతున్న విషయం వేరొకటి ఉంది. ఆ సహవాసంలో చేరాక అతడు తాగుడు మానాడు, తెల్లవారుజామునే మోకరించి ప్రార్థిస్తున్నాడు, జీతంలో దశమభాగం తీసి పక్కన పెడుతున్నాడు. పెద్ద కుమారుడేమో త్రిత్వాన్ని కాదనడు గానీ క్రిస్మస్‌కు తప్ప మందిరం గడప తొక్కడు. బంధువులు యోహాను రెండవ పత్రికను చూపించి చిన్నవాణ్ణి ఇంటికి రానివ్వవద్దంటున్నారు. ఇది దుర్బోధేనా, కొడుకును దూరం పెట్టాలా, ఇంట్లో శాంతి కోసం తానే మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటే తప్పవుతుందా అని ఆమె అడుగుతున్నారు.

సలహా

ఈ కుటుంబంలో మూడు వేర్వేరు తగాదాలు ఒకటిగా కలిసిపోయాయి. దుర్బోధ అంటే సంఘంలో తలెత్తే ప్రతి అభిప్రాయభేదమూ కాదు; దేవుడెవరు, క్రీస్తు ఎవరు, రక్షణ ఎలా కలుగుతుంది అన్న మూల విషయాల్లో లేఖనాలకు విరుద్ధంగా నిలిచి, సంఘం పరీక్షించి తోసిపుచ్చిన బోధకే ఆ పేరు తగుతుంది. మొదటి తగాదా, అంటే పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చా అన్న ప్రశ్న, ఆ కోవలోకి రాదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ అడుగుపెట్టిన గుంటూరులో లూథరన్లు శిశువులకు బాప్తిస్మం ఇస్తూ వచ్చారు. పక్కనే ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టులు విశ్వసించినవారికే ఇచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఇరువురూ ఈ విషయంలో గట్టిగానే విభేదించారు గానీ, ఇరువురూ కొలిచింది ఒకే త్రియేక దేవుణ్ణి.

రెండో తగాదా బాప్తిస్మమిచ్చేటప్పుడు పలికే మాటల గురించి. మత్తయి సువార్త చివరి అధ్యాయంలో ప్రభువు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో ఇమ్మన్నాడు. అపొస్తలుల కార్యముల గ్రంథం యేసుక్రీస్తు నామంలో ఇచ్చారని చెబుతుంది. ఈ రెండింటికీ వైరుధ్యం ఉందని తొలి విశ్వాసులు అనుకున్న జాడ కనిపించదు. అపొస్తలుల తరానికి చేరువలో పుట్టిన దిదకే అనే చిన్న సంఘ క్రమ గ్రంథం త్రియేక నామంలో బాప్తిస్మమిమ్మని ఒకచోట ఆదేశించి, అలా పొందినవారినే మరోచోట ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవారని పేర్కొంటుంది.

అసలు ప్రమాదం మూడోదానిలో ఉంది. తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురు వ్యక్తులు కారని, ఒకే వ్యక్తి వేర్వేరు కాలాల్లో ధరించిన రూపాలని చెప్పే బోధ కొత్తది కాదు. మూడో శతాబ్దపు తొలినాళ్ళలో రోమాలో సబెల్లియస్ దీన్నే బోధించి సంఘం నుంచి వెలివేతకు గురయ్యాడు. అదే కాలంలో కార్తేజీకి చెందిన తెర్తుల్లియన్, ఈ బోధ ప్రకారమైతే తండ్రే సిలువ మీద బాధపడినట్టవుతుందని ప్రక్సెయస్ అనేవాడికి వ్యతిరేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఈ బోధకు ఇప్పుడున్న రూపం 1913లో లాస్ ఏంజెలిస్ సమీపంలో జరిగిన పెంతెకొస్తు సభల తరువాత మొదలైంది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వాన్ని స్పష్టం చేస్తూ విశ్వాస ప్రకటన చేసినప్పుడు 150 మందికి పైగా సేవకులు విడిపోయారు. అందుచేత పెంతెకొస్తు వారందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

యేసు తండ్రికి ప్రార్థించాడు కదా అని అడిగితే, ఆయనలోని మానవ స్వభావం దైవ స్వభావానికి ప్రార్థించిందని ఆ సహవాసాల బోధకులు జవాబిస్తారు. అయితే స్వభావం ప్రార్థించదు, వ్యక్తి ప్రార్థిస్తాడు. అంతకన్నా బలమైన సాక్ష్యం యోహాను సువార్త 17వ అధ్యాయంలో ఉంది: లోకం పుట్టకముందు తండ్రి యొద్ద తనకున్న మహిమను కుమారుడు అక్కడ గుర్తు చేసుకుంటున్నాడు. అప్పటికి ఆయన మరియ గర్భాన శరీరం ధరించనే లేదు. కాబట్టి ఆ మహిమను తండ్రితో పంచుకున్నది మానవ స్వభావం కాజాలదు. ఆ తల్లి కొడుకుతో వాదించదలిస్తే బాప్తిస్మపు మాటలను పక్కనపెట్టి ఈ ఒక్క అధ్యాయాన్ని అతనితో కలిసి మెల్లగా చదవడం మేలు.

కుమారుడు ఇంత తేలికగా ఆ బోధకు లొంగడానికి ఊరి సంఘం బాధ్యత కూడా కొంత ఉండవచ్చు. మంచు, నీరు, ఆవిరి మూడూ ఒకటే అయినట్టు త్రిత్వం కూడా అంతేనని సండేస్కూళ్ళలో చెప్పడం పరిపాటి; అదే నీరు ఒకసారి మంచుగా, మరోసారి ఆవిరిగా మారుతుంది కనుక ఈ పోలిక నేర్పేది అచ్చంగా సబెల్లియస్ బోధనే. ఆదివారం ఆదివారం విశ్వాస ప్రమాణాన్ని కంఠతా వల్లించే పిల్లలకు దాని అర్థం చెప్పకపోతే, హైదరాబాదులో ఎవరో చెప్పిన అర్థం వారికి వెలుగులా తోస్తుంది.

ఇక ఆమె ప్రశ్నలకు సూటి జవాబులు. దేవుని గురించిన ఆ బోధ దుర్బోధే. దానికి వేరే మెత్తని పేరు పెట్టనక్కరలేదు. మళ్ళీ బాప్తిస్మం మాత్రం తీసుకోకూడదు, ఎందుకంటే 314లో ఆర్ల్ పట్టణంలో కూడిన బిషప్పుల సభ కూడా త్రియేక నామంలో బాప్తిస్మం పొందినవారికి దాన్ని తిరిగి ఇవ్వకూడదనే నిర్ణయించింది. పైగా శాంతి కోసం నీళ్ళలో దిగడమంటే నమ్మని మాటను దేవుని ఎదుట ఒప్పుకోవడమే. తాగుడు మానడం, ప్రార్థనలో నిలకడ నిజమైన మేళ్ళు, వాటికి దేవుణ్ణి స్తుతించాలి. అవి బోధ సత్యమనడానికి రుజువులు కావు. పెద్ద కుమారుని సరైన విశ్వాసం కూడా అతని సోమరితనానికి సాకు కాదు, అతని గురించి బంధువులు ఏ పత్రికనూ తిరగేయకపోవడం విచిత్రమే.

యోహాను రెండవ పత్రిక హెచ్చరిక ఊరూరా తిరిగే బోధకులకు ఇంట ఆతిథ్యమిచ్చి, వారి పనికి తోడ్పడవద్దన్నదే తప్ప కన్నకొడుకుకు అన్నం పెట్టవద్దని కాదు. అతడు ఇంట్లో ఆ బోధను ప్రచారం చేయబూనితే తండ్రి ఖండించాలి. అకుల, ప్రిస్కిల్లలు అపొల్లోను పక్కకు తీసుకువెళ్ళి విశదపరచినట్టు, పాస్టరు గారు నలుగురిలో నిలదీయకుండా అతనితో విడిగా కూర్చోవాలి. పెళ్ళి శుభలేఖలో అన్నగా అతని పేరు ఉండాలి, పనుల్లో అతని చేయి ఉండాలి. ఆశీర్వచనం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలోనే జరగాలి, ఆ కాసేపు అతడు వెనక వరుసలో కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి.