కడుపు నిండినా బక్కచిక్కే మంద

ఎండాకాలంలో నాగర్‌కర్నూల్ (పాత మహబూబ్‌నగర్) జిల్లా అమ్రాబాద్ వైపు వెళ్తే, తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలున్న పశువులు కనిపిస్తాయి. అవే పొడ తూర్పు. 2020లో దేశీ జాతిగా గుర్తింపు వచ్చింది. నల్లమల అడవిలో మేసి బతికే మందలివి.

అడవి ఎండాక గడ్డి దొరికినా వీటి పక్కటెముకలు తేలతాయి. ఎందుకంటే ఎండుగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే. నెమరుసంచిలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలక పీచు అరగదు. అందుకే 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50-60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 3 వారాలు కప్పి ఉంచమంటారు. అమ్మోనియా గడ్డికి పడుతుంది. అదే యూరియా నీళ్లు గొడ్డు నేరుగా తాగిందా, గంటల్లో ప్రాణం పోతుంది! దీంతో ఆటలొద్దు.

ఇక మన బ్రాంచీల పని. ఆస్ట్రేలియాలో నీటితొట్టికి వెళ్లే దారిలోనే తూకం పలక పెడతారు. రేడియో ట్యాగ్‌తో గొడ్డును గుర్తుపట్టి, బరువు తగ్గినదాన్ని గేటు దాణా వైపు మళ్లిస్తుంది. మన పశువుల చెవికీ 12 అంకెల పసుపు ట్యాగ్ ఉంది కానీ, అది బార్‌కోడ్. నడిచే గొడ్డుకు స్కానర్ ఎవరు పడతారు?

పైగా వానాకాలంలో ఏ వాగైనా, ఏ కుంటైనా నీళ్లే, మంద ఒక్క తొట్టికే ఎందుకొస్తుంది? ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నీళ్లు మిగిలేది ఒకటి రెండు చోట్లే. గేటు పెట్టాల్సింది అక్కడే. లోడ్ సెల్స్, రీడర్, సోలార్ బ్యాటరీ మనం తెస్తాం. రీడర్‌ను కొమ్ములకు అందకుండా ఎంత ఎత్తున బిగించాలో మాత్రం కాపరినే అడగాలి.