2147483647: ఇంట్‌కి చివరి మెట్టు

సి, జావా నేర్చుకున్న మనందరికీ ఈ సంఖ్య పరిచయమే. అర్రేలో మినిమమ్ కనుక్కోమంటే ముందుగా వేరియబుల్‌లో పెట్టేది దీన్నే. మన లెక్కలో చదివితే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోగా, మిగిలిన 31 బిట్లూ 1 అయితే వచ్చేది ఇదే. అంటే 2³¹ − 1. మనకిది ఒక లిమిట్ మాత్రమే. గణితంలో మాత్రం కంప్యూటర్లు పుట్టకముందే దీనికి మంచి పేరుంది.

మొదటి విషయం, ఇది ప్రధాన సంఖ్య, అదే ప్రైమ్. 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రైమ్‌లని మెర్సెన్ ప్రైమ్‌లు అంటారు. 3, 7, 31, 127 అలా లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఇది ఎనిమిదోది. పైన ఘాతంలో ఉన్న 31 కూడా మెర్సెన్ ప్రైమే కాబట్టి దీన్ని డబుల్ మెర్సెన్ ప్రైమ్ అని కూడా అంటారు.

రెండో విషయం, దీన్ని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. అది పరిపూర్ణ సంఖ్య. 6 = 1 + 2 + 3 లాగా, తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ తనే వస్తుంది.

ఇది ప్రైమ్ అని ఆయిలర్ 1772లో తేల్చాడు. వర్గమూలం 46340 దాటుతుంది. అంతవరకు ఒక్కో ప్రైమ్‌తో భాగించాలంటే నాలుగు వేలకు పైగా భాగహారాలు! అందుకే ముందు ఆలోచించాడు. పి అనే ప్రైమ్ దీన్ని భాగిస్తుంది అనుకుందాం. అప్పుడు 2³¹ని పితో భాగిస్తే శేషం 1. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2 ఘాతం (పి − 1)కి కూడా శేషం 1. 31 ప్రైమ్ కనుక అది పి − 1ని భాగించి తీరాలి. పి బేసి సంఖ్య, కాబట్టి 62 కూడా భాగించాలి. ఇంకోటి, 2³²కి శేషం 2. 2³² అంటే 2¹⁶కి వర్గమే కదా. 2కి ఇలా వర్గంతో సమాన శేషం వచ్చిందంటే, పిని 8తో భాగించినప్పుడు శేషం 1 లేదా 7 అవ్వాలి. రెండు షరతులూ కలిపితే, పిని 248తో భాగిస్తే శేషం 1 లేదా 63. 46340 లోపు అలాంటివి, ప్రైమ్ కాని 63ని వదిలేస్తే, 372 మాత్రమే. వాటిలో ఏదీ దీన్ని భాగించదు.

ఇప్పుడు మన ప్రోగ్రామ్ చూద్దాం. 'ఐ × ఐ ≤ ఎన్' అయినంతవరకు లూప్ తిప్పి, ఏదైనా ఐ భాగిస్తే ప్రైమ్ కాదు అంటాం. జావాలో అన్నిటినీ ఇంట్‌గా పెట్టి ఈ సంఖ్య ఇవ్వండి. ఐ 46341 అవగానే దాని వర్గం 2147488281, ఇంట్‌లో పట్టదు, తిరగబడి మైనస్ అవుతుంది. అసలు ఏ ఇంట్ అయినా ఈ ఎన్ కంటే పెద్దది అవ్వలేదు, కాబట్టి షరతు ఎప్పుడూ నిజమే. లూప్ చాలాసేపు తిరిగి తిరిగి, చివరికి ఐ కూడా 2147483647 అవుతుంది. శేషం సున్నా. తీర్పు: ప్రైమ్ కాదు! సిలో అయితే ఏం జరుగుతుందో భాషే హామీ ఇవ్వదు.

మందు చిన్నదే. గుణకారం మానేసి 'ఐ ≤ ఎన్ / ఐ' అని రాస్తే చాలు. శాంపిల్ టెస్ట్ కేసులు పాసయ్యాయి కదా అని సబ్మిట్ నొక్కే ముందు, ఈ ఒక్క సంఖ్యని కూడా ఇచ్చి చూడండి. ఆయిలర్ సరిగ్గా చెప్పినదాన్ని మన కోడ్ తప్పని చెప్తే ఏం బాగుంటుంది?